విడి సెల్లుకొక గూడు



ఈ రోజు మనం చాలా చిన్న వస్తువు గురించి మాట్లాడుకుందాం. టార్చిలైటుకో, ట్రాన్సిస్టరుకో, గోడ గడియారానికో, చెవి మిషనుకో వేసే సెల్లు. లోపల వేసిన సెల్లు గురించి కాదు, అవసరానికి ఉంటుందని విడిగా కొని దాచుకున్న సెల్లు గురించి. దాన్ని ఎందులో పెట్టాలి, ఎలా వెంట తీసుకుపోవాలి, అందుకు తగిన డబ్బాను ఇంట్లో ఉన్న వస్తువులతోనే ఎలా తయారు చేసుకోవచ్చు అన్నదే ఈ నాటి ప్రసంగం.

ముందుగా ఒక మాట. సెల్లు అంటే ఈ కాలం పిల్లలకు ఫోను. మొన్న తొరపాడిలో మా పక్కింటి అబ్బాయిని పిలిచి, "నాయనా, ఆ అలమరలో సెల్లు డబ్బా ఉంది, కాస్త తెచ్చిపెట్టు" అంటే, ఫోను కొన్నప్పుడు వచ్చిన అట్టపెట్టె తెచ్చి నా చేతిలో పెట్టాడు. తమిళంలో బ్యాటరీ కట్టై అంటారు కాబట్టి వాళ్ళకు ఈ తికమక లేదు. మా పల్లెల్లో బ్యాటరీ అంటే టార్చిలైటు, దాని కడుపులో వేసేది సెల్లు. నేను ఈ ప్రసంగంలో ఆ పాత వాడుకే పాటిస్తాను.

మా పుట్టిల్లు గుడియాత్తం దగ్గర ఒక పల్లె. నేను ఎనిమిదో తరగతి చదివే రోజుల్లో మా చేలకు త్రీఫేజు కరెంటు చాలాసార్లు రాత్రిపూట వచ్చేది. మోటారు వేయడానికి, మడవ మార్చడానికి మా నాయన అర్ధరాత్రి లేచి పోయేవాడు. చేతిలో మూడు సెల్లుల టార్చి, భుజాన తాంబూలం సంచి. ఆ సంచిలో ఆకులు, వక్కలు, సున్నపు డబ్బీ, అడకత్తెర, చిల్లర డబ్బులు, బీరువా తాళంచెవి. వాటితోపాటు కొత్త సెల్లులు కూడా మూడు వేసుకుని పోయాడు ఒక రాత్రి. చేను చేరేసరికి టార్చి మసకబారింది. సరే, కొత్తవి వేద్దామని సంచిలో చెయ్యి పెడితే సంచి వెచ్చగా ఉంది. సెల్లులు తీసి వేస్తే, కొత్తవాటికన్నా పాతవే నయం అన్నట్టు వెలిగింది దీపం. ఆ చేలో రక్తపింజరి కనపడిన వారం అది. ఒక్కడూ బావి గట్టు మీద కూర్చుని, కర్రతో నేల తడుతూ తెల్లవారే దాకా గడిపాడు.

ఇంటికి వచ్చాక, "నిన్న సంతలో కొన్న సెల్లులమ్మా. అంగడాయన పాత సరుకు అంటగట్టినాడు" అని మా నాయన తిట్టుకున్నాడు. ఆ అంగడాయన తప్పేమీ లేదని నాకు పదో తరగతి సైన్సు పాఠం చదివిన రోజు అర్థమయింది. తప్పు అడకత్తెరది. ఆ సంగతి నాయనకు విడమరచి చెప్పాను. విన్నాడు, తల ఊపాడు. కానీ ఆ అంగట్లో మాత్రం చివరిదాకా సెల్లు కొనలేదు.

ఆ అడకత్తెర ఏం చేసిందో ఇప్పుడు చూద్దాం. గుడియాత్తం వాళ్ళకు ఇది చెప్పడం చాలా తేలిక, ఎందుకంటే అది లుంగీలకే కాదు, అగ్గిపెట్టెలకూ పేరుపడ్డ ఊరు. అగ్గిపుల్ల తలలో ఒక మందు ఉంటుంది, పెట్టె పక్కన పూసిన పట్టీలో ఇంకొక మందు ఉంటుంది. తలలో పొటాషియం క్లోరేటు, పట్టీలో ఎర్ర భాస్వరం. రెండూ రాసుకుంటేనే మంట. ఆ రెండింటినీ ఒకదానికొకటి తగలకుండా వేరుచేసి ఉంచేది పెట్టెకున్న పలచని అట్ట. అంత పలచని అట్ట ఉండబట్టే మనం అగ్గిపెట్టెను జేబులో వేసుకుని ధైర్యంగా తిరుగుతున్నాం.

సెల్లు కూడా అలాంటిదే. దానికి ఒక కొసన బొడిపె ఉంటుంది, అది ధన ధ్రువం. రెండో కొస చదునుగా ఉంటుంది, అది రుణ ధ్రువం. లోపల జింకు ఒకవైపు, మాంగనీసు డయాక్సైడు ఒకవైపు, మధ్యలో తడి పేస్టు. 1866లో ఫ్రాన్సుకు చెందిన లెక్లాంషే అనే ఆయన గాజు జాడీలో ద్రవం పోసి చేసిన ఘటాన్ని, 1886లో జర్మనీకి చెందిన గాస్నర్ ఒలికిపోని పొడి ఘటంగా మార్చాడు. మనం వాడే మామూలు సెల్లు దాని వంశమే. ఈ రెండు కొసలను బయట నుంచి ఏ లోహపు ముక్క కలిపినా కరెంటు పారుతుంది. టార్చిలో అయితే మధ్యలో బల్బు ఉంటుంది కాబట్టి కొంచెం కొంచెంగా పారుతుంది. అడకత్తెరకు అలాంటి అడ్డం ఏదీ లేదు. ఒక కాలు బొడిపెకు, ఒక కాలు అడుగుకు ఆనుకుంటే చాలు, రోజుల తరబడి వెలగాల్సిన బలమంతా ఒక పూటలో వేడిగా మారి పోతుంది. దీన్నే షార్ట్ సర్క్యూట్ అంటాం. అడకత్తెరే కానక్కరలేదు. తాళంచెవుల గుత్తి, చిల్లర డబ్బులు, తలపిన్ను, స్టీలు గిన్నెలు తోమే పీచు, ఏదైనా సరే. సెల్లులే ఒకదానికొకటి ఎదురుబొదురుగా పడి, రెండు పక్కలా లోహం తగిలినా అంతే.

కాబట్టి మనం చేయబోయే డబ్బాకు మొట్టమొదటి పని ఆ అగ్గిపెట్టె అట్ట చేసే పనే. కొసలను లోహానికి అందకుండా చూడాలి. తడి తగలకుండా ఉండాలి, చీకట్లో చేతికి దొరకాలి, లోపలున్నది కొత్తదో వాడిందో తెలియాలి అన్నవి తర్వాతి సంగతులు.

పెద్ద సెల్లుతో మొదలు పెడదాం. టార్చిలో వేసే ఈ లావు సెల్లు అడ్డం కొలత సుమారు 34 మిల్లీమీటర్లు, ఎత్తు 61 మిల్లీమీటర్ల పైన కొంచెం. దీనికి అచ్చంగా సరిపోయే గూడు మన చేలలోనే పడి ఉంటుంది. 40 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్క. ఆ 40 అన్నది బయటి కొలత. గోడ పలచగా ఉండే పైపైతే లోపల 36 దాకా ఉంటుంది, సెల్లు సుఖంగా జారుతుంది. ఎక్కువ ఒత్తిడికి తట్టుకునే మందపాటి పైపైతే లోపల ఇరుకవుతుంది, సెల్లు ఇరుక్కుపోయినా పోవచ్చు. అందుకని పైపు ముక్క అడగడానికి పోయేటప్పుడు ఒక సెల్లు జేబులో వేసుకుని పోండి. ఒక్కటే సుమా, తాళంచెవులు లేని జేబులో.

మూడు సెల్లులకు 20 సెంటీమీటర్ల ముక్క కావాలి. మూడింటి ఎత్తు కలిపితే 18న్నర, మిగిలిన ఒకటిన్నర సెంటీమీటరు స్పాంజి ముక్కలకు. హాక్సా బ్లేడుతో కోసి, కోసిన అంచును గరుకు కాగితంతో రుద్దండి, లేకపోతే సెల్లు మీది పొర చీరుకుపోతుంది. పైపు అంగట్లో దొరికే మూతలు రెండు తీసుకోండి. అడుగు మూతను పైపు జిగురుతో అంటించేయండి. ఆ జిగురు వాసన పూర్తిగా పోయేదాకా ఒక రోజు ఆరనివ్వండి. పై మూతను అంటించవద్దు, ఊరికే నొక్కి పెట్టేలా ఉంచండి. అడుగున ఒక స్పాంజి ముక్క, పైన ఒక స్పాంజి ముక్క. పాత రబ్బరు చెప్పు ముక్క అయినా చాలు. సైకిలు మీద గతుకుల్లో పోయినా లోపల సెల్లులు కొట్టుకోవు.

మా బడి సైన్సు క్లబ్బు పిల్లలతో ఇది చేయించినప్పుడు ఒక పాప మంచి ప్రశ్న వేసింది. "మిస్, గొట్టంలో సెల్లులు ఒకదాని తల మీద ఒకటి నిలబడి ఉన్నాయి కదా, ఒకదాని బొడిపె ఇంకొకదాని అడుగుకు తగులుతోంది కదా, మరి షార్టు కాదా?" అని. కాదు. కరెంటు పారాలంటే పోయిన దారి మళ్ళీ తిరిగి మొదటికి రావాలి. గొట్టంలో పై సెల్లు బొడిపెకూ కింది సెల్లు అడుగుకూ మధ్య దారి లేదు, ఆ రెండు చివర్లా స్పాంజి ఉంది, చుట్టూ ప్లాస్టిక్కు ఉంది. అదే గొట్టం ఇనుపదై, రెండు మూతలూ ఇనుపవై, లోపల స్పాంజి లేకపోతే మూడు సెల్లులూ కలిసి ఒక్కసారే ఖాళీ అవుతాయి. నీళ్ళ పైపు ఇనుపదైతే ఈ పనికి వద్దనడానికి కారణం అదే.

మూత గాలి చొరకుండా బిగించి సీలు వేద్దామని కొందరికి తోస్తుంది. వద్దు. సెల్లు పాడైనప్పుడు లోపల నుంచి కొద్దిగా వాయువు బయటికి వస్తుంది, అందులో హైడ్రోజను ఉంటుంది. అది పోవడానికి సందు ఉండాలి. నొక్కి పెట్టిన మూతకు ఆ మాత్రం సందు ఉంటుంది, వాన తుంపర మాత్రం లోపలికి రాదు. వాగు దాటేటప్పుడు గొట్టాన్ని ఒక ప్లాస్టిక్ సంచిలో చుట్టుకోండి, ఇంటికి వచ్చాక తీసేయండి.

సన్న సెల్లులున్నాయి, పెన్సిలు సెల్లు అంటామే, గడియారాలకూ రిమోటుకూ వేసేది. అది 14న్నర మిల్లీమీటర్ల అడ్డం, 50న్నర ఎత్తు. దీనికి ఇంటి వైరింగులో వేసే 20 మిల్లీమీటర్ల పైపు సరిగ్గా సరిపోతుంది. ఎలక్ట్రీషియను పని చేసి పోయాక జానెడు ముక్కలు ఎన్నో పారేస్తారు. నాలుగు సెల్లులకు 22 సెంటీమీటర్ల ముక్క చాలు. ఇంకా సన్నది ఉంది, పదిన్నర మిల్లీమీటర్లది, దాన్ని ఆ పైపులో వేస్తే గలగలలాడుతుంది. దానికి నిజంగా అగ్గిపెట్టే మేలు. పుల్లలు అయిపోయిన పెట్టెలో మూడు పక్కపక్కన పడుకుంటాయి, తలలన్నీ ఒకే వైపు ఉండేలా పెట్టాలి. పుల్లలు ఉన్న పెట్టెలో మాత్రం ఒక్క సెల్లు కూడా పెట్టకండి, ఇది నవ్వుకోవడానికి చెబుతున్న మాట కాదు.

పైపు దొరకని వాళ్ళకు ఇంకొక ఉపాయం. పంచరు అంగట్లో పారేసిన సైకిలు ట్యూబు అడగండి, ఊరికే ఇస్తారు. ఏడు సెంటీమీటర్ల ముక్కలు కత్తిరించండి. లావు సెల్లు మీదికి దాన్ని సాగదీసి తొడిగితే, చొక్కా తొడిగినట్టు బిగుసుకుంటుంది, రెండు కొసల దగ్గరా కాస్త ముందుకు సాగి ఉంటుంది. ఆ సాగిన రబ్బరు అంచే కొసలను కాపాడుతుంది. అలా తొడిగిన సెల్లులను ఏ గుడ్డ సంచిలో వేసుకున్నా భయం లేదు. ఈ పద్ధతిలో ఒక లాభం కూడా ఉంది. ట్యూబు చొక్కా ఉన్నది కొత్త సెల్లు, చొక్కా విప్పినది వాడిన సెల్లు. చీకట్లో వేలితో తడిమితే తెలిసిపోతుంది.

కుట్టు మిషను ఉన్న ఇంట్లో లుంగీ ముక్కతో ఒక చుట్ట సంచి కుట్టుకోవచ్చు. మూరెడు గుడ్డను అడుగు నుంచి సగం మడిచి, సెల్లుకొక అర వచ్చేలా నిలువుగా కుట్లు వేసి, పై మడత దించి చుట్టి నాడా కట్టేయడమే. వడ్రంగి తన ఉలులను పెట్టుకునే సంచి చూశారా, అదే రకం. గుడ్డ కరెంటును పోనివ్వదు, తడిసినప్పుడు తప్ప. కాబట్టి ఇది ఇంట్లోకి, ప్రయాణాల్లోకి బాగుంటుంది కానీ చేనికి కాదు.

సబ్బు పెట్టె కూడా మంచిదే, అడుగున నీళ్ళు కారే చిల్లులు లేనిదైతే. ఇక స్టీలు డబ్బా. మన ఆడవాళ్ళకు స్టీలు డబ్బా మీద ఉన్నంత నమ్మకం దేని మీదా ఉండదు, నాకూ అంతే. కానీ సెల్లులకు అది పనికిరాదు. తప్పనిసరి అయితే లోపల అడుగునా, పక్కలా, మూత కిందా మందపాటి ప్లాస్టిక్కు పరిచి వాడుకోండి.

తొమ్మిది వోల్టుల సెల్లు అని చదరంగా, అగ్గిపెట్టె అంత ఉంటుంది. గుళ్ళలో, బళ్ళలో వైరు లేని మైకుకు, ఎలక్ట్రీషియను మీటరుకు వేస్తారు. అన్నిటికన్నా దీనితోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. దీని రెండు ధ్రువాలూ ఒకే వైపు, వేలెడు దూరంలో కూడా కాదు, పక్కపక్కనే ఉంటాయి. ఒక రూపాయి బిళ్ళ చాలు రెండింటినీ కలపడానికి. గిన్నెలు తోమే సన్న స్టీలు పీచు దీనికి తగిలితే ఆ పీచు ఎర్రగా కాలి నిప్పంటుకుంటుంది. దీనికి డబ్బా కన్నా ముందు టోపీ కావాలి. కొన్నప్పుడు తల మీద ప్లాస్టిక్ టోపీ వస్తే పారేయకండి. లేకపోతే కరెంటు పనివాళ్ళు వాడే నల్ల టేపు ఒక ముక్క తల మీద అడ్డంగా అంటించండి. వాడేసి పారేసేటప్పుడు కూడా ఆ టేపు ఉండాలి, ఎందుకంటే మైకుకు చాలని సెల్లులో పీచును కాల్చేంత బలం ఇంకా మిగిలే ఉంటుంది.

ఇప్పుడు బిళ్ళ సెల్లుల సంగతికి వస్తాను. ఈ ప్రసంగం రాయాలని నాకు అనిపించింది నిజానికి వీటి వల్లే.

మా అత్తగారికి చెవి మిషను ఉంది. దానికి వారానికో పది రోజులకో ఒక చిన్న సెల్లు మార్చాలి. కందిబద్ద కన్నా కొంచెం పెద్దది. ఆమెకు రాత్రి వేసుకోవలసిన మాత్రలు మూడు. వారం రోజుల మాత్రలకు ఏడు అరల ప్లాస్టిక్ పెట్టె ఒకటి కొనిపెట్టాం. ఆదివారం అర ఎప్పుడూ ఖాళీగానే ఉంటోందని, ఆమె పొదుపుగా విడి సెల్లులు రెండు ఆ అరలో వేసి పెట్టుకుంది. ఆదివారం మాత్రలు విడిగా సీసాలో ఉంటాయి లెండి. ఒక రాత్రి కరెంటు పోయింది. చీకట్లో పెట్టె తెరిచి, చేతిలో ఒంపుకుని, నీళ్ళ చెంబు అందుకుంది. మా ఆయన టార్చి వేసి, "అమ్మా, ఆగు, చేతిలో ఏముంది?" అన్నాడు. చూస్తే రెండు మాత్రల పక్కన తళతళలాడుతూ ఒక సెల్లు. ఆమె నవ్వేసింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఎందుకంత భయమంటే, బిళ్ళ సెల్లు గొంతులో, ఆహారనాళంలో అడ్డం పడితే అక్కడి తడే దాని రెండు ముఖాలనూ కలుపుతుంది. కరెంటు పారుతుంది. ఆ కరెంటు వల్ల సెల్లుకు ఆనుకున్న చోట గాఢమైన క్షారం పుట్టి కండను కాలుస్తుంది. పిల్లల్లో రెండు గంటలలోపే తీవ్రమైన గాయం కావచ్చు. అన్నిటిలోకీ ప్రమాదమైనవి 20 మిల్లీమీటర్ల లిథియం బిళ్ళలు. వాటి మీద సీఆర్ 2032 అని రాసి ఉంటుంది. ఆ అంకెలకు అర్థం చాలామందికి తెలియదు. 20 అంటే అడ్డం 20 మిల్లీమీటర్లు, 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు. బరువు చూసే మిషన్లలో, కారు తాళంలో, పిల్లల పాట బొమ్మల్లో ఇవే ఉంటాయి. పిల్లవాడి గొంతులో ఇరుక్కునే కొలత కూడా సరిగ్గా ఇదే. పిల్లవాడు మింగాడని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకుండా, అరటిపండు తినిపించి చూద్దామని కాలయాపన చేయకుండా, వెంటనే ఎక్సరే తీసే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

కాబట్టి బిళ్ళ సెల్లులకు డబ్బా చేసేటప్పుడు ఇందాకటి సూత్రానికి ఇంకొకటి చేర్చుకోవాలి. ఆ డబ్బా మాత్రల డబ్బాలా కనిపించకూడదు, చేతిలో ఒంపుకునేలా ఉండకూడదు, పిల్లలకు తెరవడం రాకూడదు. కొన్న అట్ట నుంచి సెల్లును ముందుగా ఊడదీయకండి. ఆ అట్టనే అలాగే మడిచి, మరమూత బిగుతుగా ఉండే వెడల్పాటి ప్లాస్టిక్ సీసాలో పెట్టండి. మా అత్తగారి సీసాకు నేను ముతక గోనెగుడ్డ చుట్టి కుట్టాను. తడిమితే చాలు, ఇది మాత్రల సీసా కాదని చేతికి తెలియాలని. అది అటక మీద ఉంటుంది, మాత్రలు మంచం పక్కన ఉంటాయి.

చెవి మిషను సెల్లుల్లో చాలావరకు గాలి పీల్చి పనిచేసేవి. వాటి మీద రంగు కాగితం అంటించి ఉంటుంది. పదమూడో నంబరుకు నారింజ రంగు, 312కు గోధుమ రంగు. ఆ కాగితం ఊడితే గాలి లోపలికి పోయి సెల్లు పని మొదలుపెడుతుంది, మళ్ళీ అంటించినా ఆగదు. అందుకే కాగితం ఊడకుండా దాచాలి. వాడేటప్పుడు కాగితం తీసి ఒక నిమిషం పైన ఆగి మిషనులో వేయాలి.

ఇక లిథియం సెల్లులు. తలకు కట్టుకునే లైట్లు, బాగా వెలుగునిచ్చే చైనా టార్చిలు, పవరు బ్యాంకులు, వీటన్నిటిలో ఉండేది మళ్ళీ మళ్ళీ ఛార్జి చేసే లిథియం సెల్లు. దాని మీద 18650 అని ఉంటే 18 మిల్లీమీటర్ల అడ్డం, 65 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం. కౌండిన్య అభయారణ్యం అంచున, పలమనేరు మొదలుకొని పేర్ణాంబట్టు, గుడియాత్తం దాకా ఏనుగులు దిగే పొలాల్లో కావలి కాసేవాళ్ళ దగ్గర ఇప్పుడు ఎక్కువగా ఇవే కనిపిస్తున్నాయి. వెలుగు మంచిదే. కానీ మామూలు సెల్లు షార్టయితే సంచి వెచ్చబడుతుంది, ఇది షార్టయితే సంచి అంటుకుంటుంది. దీని ఒళ్ళంతా రుణ ధ్రువమే, పైన చుట్టిన పలచని ప్లాస్టిక్ పొరే దానికి కాపు. ఆ పొర చిరిగిన సెల్లును వాడకండి. విడి సెల్లును ఒక్కొక్కటిగా ప్లాస్టిక్ గొట్టంలో ఉంచండి. ఇందాక చెప్పిన వైరింగు పైపుల్లో 25 మిల్లీమీటర్లది దీనికి సరిపోతుంది. ఎండలో నిలిపిన బండి డిక్కీలో, పొయ్యి గట్టు మీద పెట్టవద్దు.

2022 మార్చిలో మన వేలూరు చిన్న అల్లాపురంలో, రాత్రి ఛార్జింగుకు పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటరు అంటుకుని, ఆ పొగకు ఊపిరాడక తండ్రీ కూతుళ్ళు చనిపోయారు. తొరపాడికి అది దూరమేమీ కాదు. కారణం గురించి నలుగురూ నాలుగు మాటలు అన్నారు, నేను దాంట్లోకి పోను. ఆ తర్వాత మా ఇంట్లో మార్చుకున్న అలవాటు మాత్రం చెబుతాను. లిథియం బ్యాటరీ ఏదైనా, చిన్నదైనా పెద్దదైనా, మేము పడుకునే చోటుకూ వీధి తలుపుకూ మధ్యలో ఛార్జింగుకు పెట్టం. మెలకువగా ఉన్నప్పుడే పెడతాం.

గల్ఫు దేశాలకు పోయే పిల్లలు మన పక్క నుంచి చాలామంది ఉన్నారు. మద్రాసు విమానాశ్రయంలో పెట్టె విప్పించి పవరు బ్యాంకు తీయించారని వచ్చి చెబుతుంటారు. విడి లిథియం బ్యాటరీలు, పవరు బ్యాంకులు చేతి సంచిలోనే ఉండాలి, లోపలికి పంపే పెట్టెలో పెట్టకూడదు. సెల్లు కొసలకు టేపు అంటించి గానీ, ఒక్కొక్కదాన్ని ఒక్కొక్క ప్లాస్టిక్ కవరులో వేసి గానీ తీసుకుపోవాలి. అంటే మనం మాట్లాడుకున్న అగ్గిపెట్టె అట్ట సూత్రమే అక్కడా నియమం. 100 వాట్ అవర్ల లోపు బ్యాటరీకి ప్రత్యేక అనుమతి అక్కరలేదు. మామూలు 10,000 పవరు బ్యాంకు 37 వాట్ అవర్లే. చేతి సంచిలోనే ఎందుకంటే, అక్కడ పొగ వస్తే ఎవరో ఒకరు చూస్తారు. 2010 సెప్టెంబరు 3న దుబాయి దగ్గర ఒక సరుకుల విమానం కూలి ఇద్దరు విమాన సిబ్బంది చనిపోయారు. మంట మొదలైన సరుకులో లిథియం బ్యాటరీలు ఉన్నాయి.

డబ్బా తయారయింది. దాన్ని ఎక్కడ పెట్టాలి? ఫ్రిజ్జులో పెడితే సెల్లు ఎక్కువ రోజులు వస్తుందని చాలామంది నమ్మకం. ఈ కాలపు సెల్లులకు ఆ అవసరం లేదు. పైగా బయటికి తీసినప్పుడు మీద పట్టే చెమ్మతో కొసలు తుప్పు పడతాయి. వేడి మాత్రం నిజంగా శత్రువే. మే నెలలో మన వేలూరులో 40 డిగ్రీలు దాటడం మామూలు. ఆ వేడిలో రేకుల షెడ్డులో పెట్టిన సెల్లు ఊరికే కూర్చునే బలహీనపడుతుంది. నీడ, గాలి ఉన్న గోడ చాలు.

కొన్న నెల, సంవత్సరం సెల్లు మీద పెన్నుతో రాసుకోండి. పాతదీ కొత్తదీ కలిపి ఒకే టార్చిలో వేయకండి, బలమైనది బలహీనమైనదాన్ని ఈడ్చి కారేలా చేస్తుంది. ఆల్కలైన్ సెల్లు కారితే తెల్ల పొడి కనిపిస్తుంది, అది క్షారం. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని, నిమ్మరసం తడిపిన గుడ్డతో తుడిచి ఆరబెట్టండి.

కొత్తదో పాతదో తెలుసుకోవడానికి మా పిల్లలు ఒక ఆట ఆడతారు. ఆల్కలైన్ సెల్లును రెండంగుళాల ఎత్తు నుంచి నిలువుగా గట్టి బండ మీదికి వదులుతారు. కొత్తదైతే దబ్బున నిలబడిపోతుంది, వాడినదైతే ఎగురుతుంది. ఇందులో నిజం ఉంది. లోపలి జింకు ఆక్సైడుగా మారి గట్టిపడటం వల్ల ఆ ఎగరడం. 2015లో అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు దీన్ని పరిశీలించి, సెల్లు సగం వాడేసరికే ఎగరగలిగినంతా ఎగురుతుందని తేల్చారు. కాబట్టి ఎగిరిందంటే కొత్తది కాదు అని మాత్రమే అర్థం, ఖాళీ అయిందని కాదు. ఎగిరిన సెల్లును పారేయకండి, గోడ గడియారంలో వేయండి. నెలల తరబడి నడుస్తుంది. లిథియం సెల్లుతో మాత్రం ఈ ఆట ఆడనివ్వకండి.

అయిపోయిన సెల్లుకు కూడా ఒక డబ్బా కావాలి. మా చిన్నప్పుడు అయిపోయిన సెల్లును రాతితో పగలగొట్టి, నల్ల పొడి తీసి, ఆకు పసరులో కలిపి బడిలో నల్లబల్లకు పూసేవాళ్ళం. మాస్టరుగారే పూయించేవారు. ఇప్పుడు నేను టీచరుని, నా పిల్లలతో ఆ పని చేయించను. అప్పటి సెల్లుల్లో పాదరసం కూడా వాడేవారు. 2022లో మన దేశంలో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చిన్న సెల్లులకు కూడా వర్తిస్తాయి. సెల్లు మీద కొట్టివేసిన చెత్తబుట్ట బొమ్మ ఉంటే ఇంటి చెత్తలో వేయవద్దని అర్థం. కొసలకు టేపు అంటించి ఒక ప్లాస్టిక్ సీసాలో పోగుచేసి, సేకరించే చోట ఇవ్వండి. మంటలో మాత్రం వేయకండి.

మనం నీళ్ళు లేని ఏరని ఎగతాళి చేసే పాలారు 2021 నవంబరులో ఒడ్డులు ఒరుసుకుని పారింది. ఆ వానల్లో మా వీధికి రెండు రాత్రులు కరెంటు లేదు. మొదటి రాత్రికే ఫోన్లన్నీ ఛార్జి అయిపోయి మూగబోయాయి. మా ఇంట్లో వీధి తలుపు పక్కన మేకుకు తెల్ల టేపు చుట్టిన పీవీసీ గొట్టం ఒకటి వేలాడుతూ ఉంటుంది. చీకట్లో కూడా ఆ తెలుపు లీలగా కనిపిస్తుంది. ఆ రెండు రాత్రులూ మా ఇంటి టార్చి, ఎదురింటి టార్చి దానితోనే వెలిగాయి. ఇప్పుడూ అక్కడే ఉంది. మూడు పట్టే గొట్టంలో ఈ రోజుకు రెండే ఉన్నాయి. మూడోది మొన్న పక్కింటివాళ్ళు పట్టుకుపోయారు, రేపు సంతకు పోయినప్పుడు కొనాలి.